రొయ్యల చెరువు వాళ్లు శనివారం ఇంటికి వియ్యానికి వెళ్తే

మా భీమవరం చర్చిలో సగం మంది యెరూషలేము చూసి వచ్చినవాళ్లే. వచ్చినవాళ్లందరూ యొర్దాను నీళ్లు బుల్లి సీసాల్లో తెచ్చుకుని షోకేసులో పెట్టుకుంటారు. మనం వెళ్లినప్పుడల్లా వాటిని తీసి చూపించి, యూదులు, క్రైస్తవులు, ముస్లిములు ఒకే ఊళ్లో ఒకరి గోడ ఒకరు ఆనుకుని ఎలా బతుకుతున్నారో గంటసేపు చెబుతారు. నేనూ ఆ ముగ్గురి ఇళ్లల్లో భోంచేసి వచ్చాను. కాకపోతే విమానం ఎక్కలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వెళ్లాను. కొంత దూరం రైలు, కొంత దూరం బస్సు. షోకేసులో పెట్టుకోవడానికి ఏమీ తెచ్చుకోలేదు గానీ చెప్పడం మొదలుపెడితే నాకు గంట చాలదు.

సంగతేమిటంటే, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి జోయెల్, తన ఆఫీసులోనే పనిచేసే సలోమి అనే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. పేరు వినగానే మనవాళ్లే కదా అని మురిసిపోయాను. వాడు నసిగాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మనవాళ్లే, చాలా ఏళ్ల కిందట చర్చి మానేసి యూదు మతం పట్టారు అన్నాడు.

"భూపాలపల్లిలో యూదులేంట్రా?" అన్నాను.

"ఆరేడు కుటుంబాలు ఉన్నాయమ్మా. శనివారం పొయ్యి వెలిగించరు, లైటు వెయ్యరు, ఫోను ముట్టరు. మాంసంతో పెరుగు తినరు. రొయ్యలైతే అసలు..." అని ఆగిపోయాడు.

ఆగిపోడూ మరి! మా ఆయన చేసేది రొయ్యల చెరువు. మా ఇల్లు, వాడి చదువు, నా మెళ్లో గొలుసు, అన్నీ రొయ్యలు పెట్టినవే.

ఆ నాన్నగారు మొదట ససేమిరా అన్నారట. కూతురు ఏడిస్తే మెత్తబడి, అబ్బాయి రావద్దు, పెద్దవాళ్లు ఒక్కసారి వచ్చి మాట్లాడండి, చూస్తాను అన్నారట. "ఆయన కాదంటే సలోమి చేసుకోదమ్మా. తను కాదంటే నేను ఇంకెవర్నీ చేసుకోను. నువ్వు మాత్రం కాస్త నోరు..." అన్నాడు మా సుపుత్రుడు. ఇంకా ఏదో అనబోతే ఫోను పెట్టేశాను. నా నోటి సంగతి నాకు తెలీదా?

జనగామ: ఆమెన్ ఎవరికి?

జనగామలో మా అన్నయ్య పాస్టరు. ఉద్యోగానికని వెళ్లి, స్టేషన్ ఘన్‌పూర్ అమ్మాయిని చేసుకుని, ముప్పై ఏళ్లుగా అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు వాడి మాట కూడా మాకు సగం అర్థం కాదు. పెళ్లిలో దీవెన వాడిదే కావాలి గనక ముందు అక్కడికే వెళ్లాం.

మేం వెళ్లింది బుధవారం, సాయంత్రం ప్రార్థన ఉంది. చర్చిలో పట్టుమని పదిమంది లేరు. ఎదురుగా మూడు కాళ్ల స్టాండు మీద ఫోను పెట్టి ఉంది. అన్నయ్య మాతో కాకుండా ఆ ఫోనుతో మాట్లాడుతున్నాడు. దుబాయిలో పనిచేసే జనగామ వాళ్లు చూస్తారట. మధ్యలో పక్క వీధి మసీదు నుంచి అజా వినిపించింది. అన్నయ్య వాక్యం ఆపేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరూ ఆగారు. అజా అయ్యాక మళ్లీ మొదలుపెట్టాడు.

తర్వాత ఇదేమిటని అడిగాను. "రెండు మైకులు కొట్లాడితే ఎవలది వినపడదు. మేం క్రిస్మస్ పాటలు పెట్టుకున్నప్పుడు వాళ్లు సుత జర తగ్గిస్తరు. కాకపోతే గీ లైవ్ వచ్చినంక ఒక పరేషాన్ ఉన్నది. నేను ఆగినప్పుడు ఫోన్ ఆగదు గద. అజా సాంతం దుబాయికి పోతది. ఆడికెళ్లి మనోళ్లు ఆమెన్, ఆమెన్ అని పెడ్తనే ఉంటరు" అన్నాడు.

పెళ్లి మాట ఎత్తగానే మాత్రం మొహం మాడ్చుకున్నాడు. యేసు కృపలో ఉన్నవాళ్లం మళ్లీ యూదుల ధర్మశాస్త్రం కిందికి పోతామా అన్నాడు. చర్చిలో కాకపోతే తాను రానన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. నా కొడుకు బ్రహ్మచారిగా మిగిలిపోతే నీ కృప వచ్చి వాడికి వండిపెడుతుందా అన్నాను. మా ఆయన మెల్లిగా లేచి బయటికెళ్లి ఆ వీధిలో ఉన్న గేదెల్ని చూస్తూ నిలబడ్డారు. గొడవ మొదలైతే ఆయనకు ఎక్కడ లేని పశుప్రేమ పుట్టుకొస్తుంది.

చివరికి వదిన తేల్చింది. వంటింట్లోంచి మక్క గుడాలు తెచ్చి మా మధ్య పెట్టి, "కీర్తనలు సదువరాదు? అవి ఆళ్లవి సుత, మనయి సుత. ఏసు పేరు గుండెల అనుకో, ఆయనకు ఇనపడదా ఏంది?" అంది. ఉడికించిన మొక్కజొన్న గింజల్ని ఉల్లిపాయ, కారంతో తాలింపు వేస్తే ఇంత బావుంటుందని నాకు ఈ వయసు దాకా తెలీదు. మా వైపు కండె కాల్చుకుని తినడంతో సరి. రెండో పళ్లెం ఖాళీ అయ్యేసరికి అన్నయ్య దిగివచ్చాడు. కల్యాణ మంటపంలో అయినా సరే, కీర్తన చదువుతాడు. ఆదివారం మాత్రం కుదరదు, ఆరాధన. వాళ్లకి శనివారం కుదరదు.

"మంగళవారం ఖాళీయే కదా" అన్నాను.

"మంగళారమా!" అని ఇద్దరూ ఒక్కసారే కేకేశారు.

ముహూర్తాలు లేవు, వర్జ్యాలు లేవు, అన్ని దినాలూ దేవుడివే అని ముప్పై ఏళ్లుగా మైకులో చెబుతున్న మనిషి! "అట్ల కాదు చెల్లె, వచ్చేటోళ్లు ఏమన్నా అనుకుంటరు" అని గొణిగాడు. నిజం చెప్పాలంటే, మంగళవారమని నోటితో అన్నానే గానీ నాకూ లోపల గుబులుగానే ఉంది.

లేచేముందు అన్నయ్య ఒక దారి చూపించాడు. "ఆ పిల్ల నాయిన ఎవలి మాట వినడు. వింటే మానుకోట యాకూబ్ భాయ్ మాట వింటడు. మా సంఘం విందులకు వంట ఆయనదే, ఇద్దరు పాత దోస్తులని చెప్తుండె. ముందుగాల ఆయన తాన పోయి రాండ్రి."

రైల్లో ఒకావిడ

మానుకోట అంటే మహబూబాబాదే, అక్కడివాళ్లెవరూ ఆ పొడుగు పేరుతో పిలవరు. గురువారం పొద్దున రైలెక్కాం. ఘన్‌పూర్‌లో ఒకావిడ ఎక్కింది. జరీ అంచు చీర, చేతినిండా గాజులు, చూస్తేనే పొలాలున్న ఇంటి మనిషని తెలుస్తోంది. కురవి వీరభద్రస్వామి దర్శనానికి పోతోందట. కూర్చోగానే మా ఊరు, పేరు, పిల్లలు, జీతాలు అన్నీ అడిగేసింది. మా వైపు ఇవి అడగడానికి కనీసం రెండు స్టేషన్లు ఆగుతారు.

వచ్చేవారం వాళ్ల ఊళ్లో పోచమ్మకు యాటను, అంటే మేకపోతును, కోస్తున్నారని చెప్పింది. కోసేది ఎవరని ఊరికే అడిగాను.

"ఇంకెవలమ్మా, ముల్లా సాబు. ఆయనొచ్చి హలాల్ చేస్తేనే మా చుట్టాలు ముడ్తరు. లేకుంటే ముద్ద దిగదు."

"పోచమ్మకు చేసేదానికి ముల్లాగారా?"

"పోచమ్మ ఏమనలే గని, నీకేం వచ్చె నడుమల?" అని నవ్వింది.

నేను నోరు వెళ్లబెట్టాను. మా వైపు కొట్టు దగ్గర ఎవరు కోశారని ఏ రోజూ అడగం, ఎముకెంత వేశాడనే అడుగుతాం. కోత చుట్టూ ఇంత కథ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అది తెలియడం మంచిదే అయింది, ఎందుకంటే మానుకోటలో నాకు కోత పాఠమే మొదలైంది.

మానుకోట: పెరుగు మర్చిపోయే వంటమనిషి

యాకూబ్ భాయ్ ఇంటి ముందు వసారా నిండా బోర్లించిన డేగిశాలే. ఒక్కోదాంట్లో మా ఆయన కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు. భాయ్‌కి తెల్లగడ్డం, పెద్ద పొట్ట, మెత్తటి గొంతు. మేం నోరు తెరవకముందే బగారన్నం, తలకాయ కూర పెట్టించాడు. తిన్నాకే మాటలన్నాడు.

నేను కృతజ్ఞతగా సంచీలోంచి రొయ్యల పచ్చడి సీసా తీశాను. వియ్యాలవారికని మా చెరువు రొయ్యలతో నా చేత్తో పెట్టిన పచ్చడి. ఆయనకు కొంచెం వేసి, మిగతాది భూపాలపల్లి తీసుకెళ్దామని. నిషేధమని జోయెల్ చెప్పాడు కదా అంటారా? చెప్పాడు. రొయ్య వద్దంటారు సరే, పచ్చడి కూడా వద్దంటారా అనుకున్నాను. నా బుద్ధికి అంతవరకే అందింది.

యాకూబ్ భాయ్ సీసా చూసి కళ్లు మూసుకున్నాడు. "చెల్లె, నువ్వు గీ సీస పట్టుకొని ఆ ఇంటి గడప తొక్కినవనుకో, సంబంధం గడప మీదనే ఖతం."

"మీరు తింటారా మరి?"

"మా మసీదు హజ్రత్ మక్రూహ్ అంటడు. తినకుంటేనే మంచిదని. మా పిల్లగాడు ఫోన్ల చూసి ఫలానా దేశపాయన తినొచ్చన్నడు అంటడు. మునుపు ఊరికొక్క హజ్రత్ ఉండె, నిమ్మలంగుంటుండె. గిప్పుడు ఫోన్ తెరిస్తే వందమంది."

మేం ఈ మక్రూహ్ సంగతి మాట్లాడుకుంటూ ఉండగానే ఆయన భార్య వచ్చి సీసా లోపలికి తీసుకెళ్లిపోయింది. మళ్లీ అది బయటికి రాలేదు. హజ్రత్ మాట ఆ వంటింటి దాకా చేరినట్టు లేదు.

పచ్చడంటే వదిలేశాం, చెరువును ఎక్కడ వదలాలి? అది అడిగితే, "అడగకుంటే చెప్పకుండ్రి, అడిగితే అబద్ధం ఆడకుండ్రి" అన్నాడు. తర్వాత ఆ సలోమి నాన్నగారి గురించి చెప్పాడు. పూర్వం ఇద్దరూ భూపాలపల్లిలో పక్క పక్క క్వార్టర్లలో ఉండేవారట. ఆయన బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఈయన క్యాంటీన్లో. ఆయన అసలు పేరు యేసుదాసు. మతం మారాక యెహూదా అని పెట్టుకున్నాడు. ఆధార్ కార్డులో మాత్రం మార్పించుకోలేకపోయాడు. అందుకని బ్యాంకులో, రేషన్ షాపులో నేటికీ యేసుదాసే. "ఆదివారం డ్యూటీ తను చేసి శనారం సెలవు పెట్టుకునేటోడు. పైసలకు ఆశపడి ఆదారం చేస్తాండని అందరు తిట్టిండ్రు. నాకు ఎరుక గద, నేను నవ్వుకునేది."

"ఇప్పుడూ మాట్లాడుకుంటారా?"

ఆయన చేతిలో చెంచా కాసేపు తిప్పాడు. "ఆడ దూరం దేశంల లడాయి మొదలైంది గద. ఆయన నాకొక వీడియో పంపిండు. నేనొకటి పంపిన. ఆయన రెండు పంపిండు. నేను మూడు. గట్ల పంపుకుంట పంపుకుంట మాటలే బంద్ అయినయ్. మేమిద్దరం ఆ దేశం దిక్కు పోయినోళ్లం కాదు, పోయేటోళ్లం కాదు." అంతలోనే సర్దుకుని, "పెండ్లి వంట నేనే చేస్త అని చెప్పు. యాటను ఆయననే కొయ్యమను. కత్తికి గాటు లేకుంట గోరు మీద రాసి చూసుకుంటడు, రక్తం చుక్క ఉండనియ్యడు. మా లెక్కనే దేవుడిచ్చిన కితాబు ఉన్నోళ్లు గద, ఆళ్ల కోత మాకు చెల్తది. నేను అన్న అని చెప్పు" అన్నాడు.

"మరి పెరుగు? మాంసం పక్కన పెరుగు ఉండకూడదట."

అక్కడ పాపం ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. బగారన్నం పక్కన పెరుగు చట్నీ లేకపోతే జనగామ చుట్టాలు విస్తళ్ల ముందు నుంచి లేచిపోతారట. చాలాసేపు ఆలోచించి, "వంటోడు ఒక్కోపారి మరిచిపోతడు గద చెల్లె. నేను పెరుగు మరిచిపోత. తిడ్తే నన్నే తిడ్తరు" అన్నాడు. నలభై ఏళ్ల పేరున్న వంటమనిషి నా కొడుకు పెళ్లికోసం తిట్లు తినడానికి ఒప్పుకున్నాడు.

భూపాలపల్లి: కరెంటు పోలేదు

శుక్రవారం బస్సులు మారి మారి, నర్సంపేట దాటి, ములుగు దాటి, దారిపొడుగునా బొగ్గు లారీల దుమ్ము మింగి భూపాలపల్లిలో దిగేసరికి పొద్దు వాలిపోతోంది. గుమ్మంలోనే యెహూదాగారు ఎదురొచ్చారు. సన్నగా, పొడుగ్గా, నెత్తిన చిన్న టోపీ. "రాండ్రి రాండ్రి, జల్ది, పొద్దు గూకుతాంది" అని మమ్మల్ని ఇంచుమించు లోపలికి నెట్టారు. ఆయన భార్య మార్తమ్మ తలమీద కొంగు కప్పుకుని రెండు దీపాలు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ఏదో భాషలో పాడింది. హైదరాబాదు నుంచి వచ్చిన సలోమి పక్కన నిలబడి పెదాలు కదిపింది. పిల్ల ఫోటోలో కన్నా బావుంది. నాకు ఏదో చర్చికి వచ్చినట్టే ఉంది, కానీ ఏ చర్చో తెలియలేదు.

ఆ పాటలన్నీ ఆయన ఫోను చూసి నేర్చుకున్నారట. సముద్రాల అవతల ఎవరో పాడి పెడితే, ఈయన బొగ్గు బాయి షిఫ్టు దిగి తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నారట. అదే ఫోనును శుక్రవారం సాయంత్రం కట్టేసి బియ్యం డబ్బాలో పెడతారు. శనివారం చుక్కలు పొడిచేదాకా బయటికి తియ్యరు.

నేను ఉండబట్టలేక యాకూబ్ భాయ్ చెప్పిన మాట అప్పుడే చెప్పేశాను. ఆయన చెయ్యి ఎత్తారు. "రేపు పొద్దుగూకే దాక పెండ్లి మాటలు, పని మాటలు వద్దు చెల్లెమ్మ." సరేనన్నాను. కాసేపటికి, "యాకూబ్ ఎట్లున్నడు?" అన్నారు. బావున్నారన్నాను. ఇంకాసేపటికి, "మోకాళ్ల నొప్పులు తగ్గినయా?" అన్నారు. భోజనం అయ్యేలోపు మూడుసార్లు అడిగారు. "నా కోత చెల్తదన్నడా?" అని నాలుగోసారి.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. భోజనాలకు ముందు కాళ్లు కడుక్కుని వస్తూ, హాల్లో లైటు వెలుగుతుంటే, ఎవరూ లేని గదిలో లైటెందుకు దండగని ఆర్పేసి వచ్చాను. ముప్పై ఏళ్లుగా నా చేతికి అలవాటది. అందరూ భోజనాలు ముగించి హాల్లోకి వచ్చేసరికి చిమ్మచీకటి. అంతా చీకట్లో బుద్ధిగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"చీకటిగుంది" అన్నారు యెహూదాగారు, ఎవరితోనో కాదు, గాలితో.

"అవునండీ, కరెంటు పోయినట్టుంది. మా భీమవరంలోనూ ఇంతే" అని ఓదార్చాను.

"ఫ్యాన్ తిరుగుతాంది" అన్నారాయన.

"ఇన్వర్టరు ఉందేమో!"

సలోమి కిసుక్కుమంది. పక్కింటి యాకమ్మ అప్పుడే గుమ్మంలోంచి తొంగిచూసి, "గిట్ల కూసున్నరేంది?" అని వచ్చి టప్పున స్విచ్చి వేసి పోయింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు. వాళ్లు వెయ్యకూడదు, నన్ను వెయ్యమని అడగనూ కూడదు. ఊరికే చీకటిగా ఉందని అనుకోవచ్చు. విన్నవాళ్లకు బుద్ధుంటే వేస్తారు. ఆ బుద్ధి యాకమ్మకు ఏళ్ల తరబడి ఉంది. యాకూబ్ బాబా దర్గా మొక్కుతో పుట్టి యాకమ్మ పేరు పెట్టుకుని, ఇంట్లో మల్లన్న పటం పెట్టుకుని, శనివారం శనివారం యూదుల స్విచ్చులు వేస్తోంది.

శనివారం

మర్నాడు నేను చాలా తెలివిగా ఉన్నాను. "నల్లా నీళ్లొచ్చినట్టున్నయ్" అని మార్తమ్మ గోడతో అనగానే, అది నాకేనని పరుగెత్తుకెళ్లి మోటారు వేశాను. మార్తమ్మ వద్దనలేదు, థ్యాంక్స్ అనలేదు. ఆకాశం వైపు చూసి నవ్వింది.

మిగతాది మాత్రం నా వల్ల కాలేదు. పని లేదు, టీవీ లేదు, పొయ్యి లేదు. నిన్న వండి మూటగట్టిన అన్నం, పప్పు, ఉల్లిపాయ. జోయెల్ గంటకోసారి ఫోను చేస్తుంటే నీళ్ల తొట్టి వెనక్కి వెళ్లి, "ఇంకా అడగలేదురా, ఇవాళ అడక్కూడదట" అని గుసగుసగా చెప్పాను. "ఆయన మొహం ఎలా ఉందమ్మా?" అంటాడు. ఎలా ఉంటుంది, నిద్రపోతున్నాడు. శనివారం మధ్యాహ్నం నిద్ర కూడా వాళ్లకి పుణ్యమేనట. మా ఆయన ఈ ఒక్క విషయంలో వెంటనే మతం మారిపోయి పక్క మంచం మీద గురక పెట్టారు. నేను మాత్రం, ఆయన కాదంటే ఏం చెయ్యాలి, వాడికి ఏం చెప్పాలి అని ఆ ఇంట్లో ఉన్న నాలుగు గోడలూ చూస్తూ కూర్చున్నాను.

నిద్ర లేచాక, పని మాటలు వద్దన్న యెహూదాగారే అడగనే అడిగారు. "బావగారు ఏం జేస్తరు?"

"చెరువులండి" అన్నారు మా ఆయన.

"చేపలా?"

మా ఆయన నా వైపు చూశారు. నేను నేలవైపు చూశాను. అబద్ధం ఆడకూడదని యాకూబ్ భాయ్ చెప్పాడు కదా. "రొయ్యలండి" అన్నారు మా ఆయన, దొంగతనం ఒప్పుకున్నట్టు.

అయిపోయింది, నా కొడుకు బతుకు రొయ్య మీసానికి చిక్కుకుని పోయింది అనుకున్నాను.

"నేను ముప్పై ఏండ్లు బొగ్గు తవ్విన" అన్నారు యెహూదాగారు నిదానంగా. "తిన్ననా?"

మా ఆయన పెద్దగా నవ్వారు. అంత గట్టిగా ఆయన నవ్వడం నేను ఈమధ్య చూడలేదు.

మూడు చుక్కలు

పొద్దు గూకింది. యెహూదాగారు పెరట్లో నిలబడి ఆకాశంలో మూడు చుక్కలు చూసుకుని లోపలికి వచ్చారు. జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, ద్రాక్షరసం గిన్నెలో పోసి, లవంగాలు, యాలకులు ఉన్న డబ్బా అందరి ముక్కుల దగ్గరా పెట్టారు. బిర్యానీ వస్తుందేమోనని మా ఆయన ఆశగా వంటింటి వైపు చూశారు. కొవ్వొత్తిని ద్రాక్షరసంలో ముంచి ఆర్పేశారు. శనివారం అయిపోయింది.

నేను సిద్ధంగా ఉన్నాను. మంటపం, కీర్తన, కోత, పెరుగు, రోజు, అన్నిటికీ జవాబు నోట్లో పెట్టుకుని ఉన్నాను. ఆయన అవేవీ అడగలేదు.

"మీ అబ్బాయి మంచోడే. నా బిడ్డ చెప్పింది, నేను నమ్మిన" అన్నారు. "నా భయం వేరే. మా ప్రార్థనకు పదిమంది మొగోళ్లు కావాలె. ఒకప్పుడు ఉండె. కొందరు రిటైరై ఊర్లకు పోయిండ్రు, కొందరు మల్ల చర్చికి పోయిండ్రు. గిప్పుడు ఆరుగురం ఉన్నం. మేం పోయినంక ఇంకెవలు లేరు. గీ పిల్ల మీ ఇంటికి వస్తే శుక్రారం దీపం మా మార్తతోనే ఆగిపోతది. పొమ్మంటె ప్రాణం ఒప్పుతలేదు, వద్దంటె బిడ్డ ఏడుస్తది. మీ ఇంట్ల ఆమెను దీపం పెట్టుకోనిస్తరా చెల్లెమ్మ? గదొక్కటి చెప్పు."

అన్ని ఊళ్లు తిరిగి నేను అడగడానికి వచ్చాననుకున్నాను. తీరా చూస్తే అడిగేది ఆయన, చెప్పాల్సింది నేను. కోడలు శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కళ్లు మూసుకుని తెలియని భాషలో పాడుతుంటే మా చర్చివాళ్లు ఏమంటారో నాకు అప్పుడే వినపడింది. రొయ్యల ఇగురు పెట్టి మురిపెంగా తినిపించుకోవాలనుకున్న కోడలు రొయ్య ముట్టదని కూడా అప్పుడే తెలిసొచ్చింది. నాకు నిజంగానే బాధేసింది, దాచుకోవడం ఎందుకు?

"నీకు ఇష్టమేనా, నాన్న కోసమా?" అని సలోమిని అడిగాను. సూటిగానే అడిగాను, నా నోరు అంతే.

పిల్ల వాళ్ల నాన్న వైపు చూడలేదు. "అత్తమ్మా, అబద్ధం ఎందుకు, హైదరాబాద్‌ల శనారం నేను ఫోన్ బంద్ చెయ్య. ఆఫీస్ ఉంటే పోత కూడా. నాయినకు చెప్పలే" అంది. యెహూదాగారి మొహం పాలిపోయింది. "కానీ శుక్రారం దీపం పెడ్త. హాస్టల్ల మంట పెట్టనియ్యరు. అందుకని బ్యాటరీ దీపాలు రెండు కొనుక్కున్న. మంచం కింద దాచుకుని, అందరు తినడానికి కిందికి పోయినంక పెట్టుకుని పాడుకుంట. అర్థం నాకు సగమే తెల్సు. పాడకపోతే మాత్రం నిద్ర రాదు."

బ్యాటరీ దీపం చెల్లుతుందా, చీకటి పడ్డాక పెడితే లెక్కలోకి వస్తుందా, శనివారం ఆఫీసుకు వెళ్లే పిల్ల శుక్రవారం పాడితే ఏమిటి అర్థం, ఇవన్నీ అడగగలిగిన మనిషి ఆయన. కత్తి మీద గాటుందేమోనని గోరుతో తడిమి చూసుకునే మనిషి. ఏమీ అడగలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, అరచేత్తో మొహం తుడుచుకున్నారు. మార్తమ్మ కూతురి భుజం పట్టుకుని ఏడ్చేసింది. మా ఆయన గేదెల కోసం చుట్టూ చూశారు, అక్కడ ఒక్కటీ లేదు.

మా చర్చివాళ్లు ఏమన్నా అనుకోనీ. రొయ్యల ఇగురు నేనూ మా ఆయనా తింటాం.

"మాది హాస్టలు కాదు అన్నయ్యగారూ" అన్నాను. "మంట పెట్టొద్దనేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. అగ్గిపెట్టె నేనే అందిస్తాను. మీరు పిల్లనివ్వండి."

ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని లేచి నిలబడ్డారు.

"మార్తా" అన్నారు, "వియ్యపురాలికి చీర తీస్కరా."